ఊఁ అనేదాకా

బడి వెనక వీధి, మేడ మీద గది
ఫిబ్రవరి 9

అక్కకు,

నీకు ఉత్తరం రాసి ఏడు నెలలైంది. కొత్త ఉద్యోగం, పైగా మొదటి ఏడాది. ఈ ఏడాది సరిగ్గా గడిస్తేనే ఖాయం చేస్తారు. రోజూ బడి నుంచి వచ్చేసరికి ఒంట్లో ఓపిక ఉండదు. నీ చెయ్యి ఎలా ఉంది? కట్టు విప్పారా?

ఒక మంచి విషయం చెబుదామని రాస్తున్నాను. నెలరోజులుగా ప్రతి శనివారం సాయంత్రం ధ్యానం తరగతికి వెళ్తున్నాను. సైకిళ్ళ షాపు మీద పొడవాటి గది. నేల మీద బూడిదరంగు దుప్పట్లు, ఒక మూల అరచేయంత బుద్ధుడి బొమ్మ, అంతే. నేర్పేది ఒక భిక్షుణి. యాభై దాటి ఉంటాయి. గుండు, మోకాలి నొప్పి, మెల్లగా నడిచే మాట. కింద షాపులో సైకిల్ బెల్లులు మోగించి చూస్తుంటారు. పైన మేము ఊపిరిని గమనిస్తుంటాం.

ఆమె చెప్పేది ఇది. కోపం వచ్చినప్పుడు దాన్ని తిట్టుకోకూడదు, దాని వెంట పరిగెత్తకూడదు. ఒంట్లో ఎక్కడ మొదలైందో చూడాలి. చేస్తున్న పని ఆపి మూడు ఊపిరులు పీల్చాలి. ఆ మూడు ఊపిరుల్లో చాలా జీవితాలు నిలబడతాయి అంటుంది.

ఇది నీకు కూడా పనికొస్తుంది. నీ కోపం నాకు చిన్నప్పటినుంచీ తెలుసు కదా. ఆ రోజు జరిగిన ప్రమాదం తర్వాత నీ మనసులో ఎంత పేరుకుపోయి ఉంటుందో నేను ఊహించగలను. అది లోపల పెట్టుకుంటే కాలేది నువ్వే. రోజూ పొద్దున పది నిమిషాలు కదలకుండా కూర్చో. నేను ప్రతిరోజూ ధ్యానం చివర కళ్ళు మూసుకుని నీకు కరుణ పంపుతున్నాను.

నీ చెల్లెలు


లాండ్రీ, నేల కింద గది
ఫిబ్రవరి 20

పంతులమ్మగారికి,

మీరు పంపిన కరుణ ఇంకా అందలేదు. దారిలో ఎవరైనా దింపుకున్నారేమో విచారించండి.

నేను చెప్తుంటే బొత్తాలమ్మ రాస్తోంది. మధ్యాహ్నం తిండి టైములో. నా కుడి చేతి రెండు వేళ్ళు వంగవు, పెన్ను నిలవదు. కట్టు విప్పి ఆరు నెలలైంది. ఏడు నెలల తర్వాత అడిగావు కాబట్టి చెప్తున్నా.

ఊపిరి పీల్చడానికి కూడా బడి పెట్టారా? మంచిది. నేను ఇప్పుడు ఆసుపత్రి దుప్పట్ల మూటలు విప్పి, ఏ వార్డుదో చూసి రంగు చీటీలు కుడుతున్నా. ఇక్కడ మేము ఊపిరిని గమనించకుండా ఉండడానికే నానా పాట్లూ పడతాం. ముక్కుకి గుడ్డ కట్టుకుంటాం. మీ భిక్షుణిని ఒకసారి పంపించు. మూడు ఊపిరులు చాలు ఆవిడకి.

పైన, ఒకళ్ళు బట్ట సర్ది చెయ్యి తీసి ఊఁ అంటే ఇంకొకళ్ళు పెడలు తొక్కి వేడి పలక దించే ప్రెస్సు బల్లల దగ్గరికి నన్ను రానివ్వరు. పన్నెండేళ్ళు నిలబడ్డ చోటు. గోడ మీద రాసుంది కదా, "ఊఁ అన్నాక కూడా చెయ్యి తీయనివారికి మళ్ళీ బల్ల ఇవ్వబడదు" అని. నల్లరంగుతో, గుండ్రంగా, ఎంత అందంగా ఉంటాయో ఆ అక్షరాలు. ఎవరు రాశారో గుర్తుందా? నీ తొమ్మిదో తరగతి సెలవుల్లో, మంచి దస్తూరి అని మేనేజరు నీతోనే రాయించాడు. నేను అందరికీ చూపించుకున్నా, మా చెల్లెలు రాసిందని.

నీ ఉత్తరం నేనే కూడబలుక్కుని చదివా. "ఆ రోజు జరిగిన ప్రమాదం" దగ్గర ఆగా. మళ్ళీ చదివా. బాగా కుదిరింది ఆ మాట. చదువుకున్నవాళ్ళకి ఎంత చక్కగా కుదురుతాయో మాటలు.

నా కోపం నీకు చిన్నప్పటినుంచీ తెలుసా? సరే. నీ కోపం నాకు ఎప్పటినుంచి తెలుసో చెప్పనా?

ఉంటా. మూటలు వచ్చాయి.

కింద బొత్తాలమ్మ రాసేది: అమ్మాయీ, నేను చొక్కాలకి ఊడిన బొత్తాలు కుట్టే మనిషిని. ఐదు దాకా చదివా. ఇందులో ఘాటంతా మీ అక్కదే, దస్తూరి ఒక్కటే నాది. రెండు మాటలు నేనే మింగేశా, అవి కాగితం మీద పెట్టేవి కావు.


బడి వెనక వీధి, మేడ మీద గది
మార్చి 6

అక్కకు,

నీ ఉత్తరం చదివి మూడు ఊపిరులు పీల్చాను. తర్వాత ముప్ఫై. ఏమీ తగ్గలేదు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నేను ఆ తరగతికి ఇష్టపడి వెళ్ళలేదు. పంపించారు. డిసెంబరులో నా తరగతిలో ఒక పిల్ల నోటుబుక్కు చించాను. పేజీ కాదు, పుస్తకమే, రెండు ముక్కలు. పిల్లలంతా బిగుసుకుపోయారు. హెడ్మిస్ట్రెస్‌గారు నన్ను పిలిచి, ఆ రెండు ముక్కలూ టేబులు మీద పెట్టారు.

"ఇది నువ్వేనా?" అన్నారు.

"నేనే మేడమ్."

"ఈసారి నోటుబుక్కు. వచ్చేసారి?"

పన్నెండు శనివారాలు ఆ తరగతికి వెళ్ళి, భిక్షుణి సంతకం చేసిన కాగితం తెస్తే తప్ప మే నెలలో ఉద్యోగం ఖాయం చెయ్యనన్నారు. అదీ సంగతి. వినడానికి సరదాగా ఉంది కదా నీకు.

అక్కడ ఒక అభ్యాసం ఉంది. కళ్ళు మూసుకుని నలుగురికి వరసగా మేలు కోరుకోవాలి. మొదట మనకి మనం. రెండోది మనకి ఇష్టమైనవాళ్ళు. మూడోది ఇష్టమూ లేని అయిష్టమూ లేని మనిషి. నాలుగోది ఎవరిని తలుచుకుంటే మనసు ముడుచుకుపోతుందో ఆ మనిషి. రెండో చోట మా లెక్కల టీచరును పెట్టుకున్నాను. మూడో చోట సైకిల్ బెల్లులు మోగించే ఆయనను. నాలుగో చోటికి వచ్చేసరికి ఎవరినీ వెతుక్కోనక్కరలేకపోయింది. నువ్వే వచ్చి కూర్చున్నావు.

"ఎవరు వచ్చారు?" అని భిక్షుణి అడిగింది.

"మా అక్క."

"సొంత అక్కా?"

"నన్ను పెంచింది."

ఆమె నన్ను చూసిన తీరు నాకు నచ్చలేదు.

ఉన్నది ఉన్నట్టు రాస్తానన్నాను కాబట్టి చెప్పాను. నువ్వు ఎప్పుడూ ఇంతే. చేసినదంతా మూటగట్టి ఎదుటివాళ్ళ నెత్తిన పెడతావు. నన్ను నువ్వే చదివించావు. నేను ఎన్నడూ కాదనలేదు. దాన్ని ప్రతి మాటలోనూ గుచ్చుతూ ఉంటే, ఆ చదువు నాదా, నీ దగ్గర తాకట్టులో ఉన్న వస్తువా అని అనుమానం వస్తుంది.

చెల్లెలు


లాండ్రీ, నేల కింద గది
మార్చి 15

పంతులమ్మగారికి,

నాలుగో చోటు ఇచ్చినందుకు దండాలు.

నీకు నువ్వు ఒకటి. లెక్కల టీచరు రెండు. బెల్లు కొట్టేవాడు మూడు. ఆ తర్వాత నేను. బడిలో చేర్పించిన రోజు నువ్వు నా వేలు పట్టుకుని, గేటు దగ్గర వదలనని ఏడ్చి, నా వేలికి గోళ్ళ గుర్తులు పెట్టావు. అది ఇప్పుడు వంగని వేళ్ళలో ఒకటి. బెల్లు కొట్టేవాడికి ఎన్ని వేళ్ళు వంగవో కనుక్కున్నావా?

"మరి ఐదో చోటు ఎవరిదే?" అంది బొత్తాలమ్మ. "ఐదోది లేదు. నాతో మనుషులైపోయారు" అన్నా.

నన్ను శత్రువుల వరసలో కూర్చోబెట్టి, దయ చల్లి, కాగితం మీద సంతకం పెట్టించుకుని ఉద్యోగం ఖాయం చేయించుకుంటావన్నమాట. నా మొహం నీకు హాజరుపట్టీలా పనికొస్తోంది. కానివ్వు.

ఇప్పుడు నా సంగతి విను. మూడో బల్ల పెద్ద మే నెలాఖరుకి మానేస్తోంది. మోకాళ్ళు అయిపోయాయి ఆమెకి. బల్ల పెద్దంటే తెలుసుగా, కొత్తగా చేరినవాళ్ళని పక్కన నిలబెట్టుకుని పని నేర్పే మనిషి. ఎడం చేత్తో బట్ట పరిచి చూపించగలను. కాలరు ఎక్కడ లాగాలో, చొక్కా చెయ్యి ఎక్కడ మడత పడుతుందో చెప్పడానికి రెండు వేళ్ళు తక్కువైనా ఫరవాలేదు. ఈ నేల కింద నుంచి పైకి వెళ్ళడానికి నాకు ఇంకో దారి లేదు.

మేనేజరు దగ్గరికి వెళ్ళా. ఆయన కసురుకోలేదు. అదే బాధ.

"పని నీకు తెలిసినంతగా ఎవరికీ తెలీదమ్మా. కానీ రిజిస్టరులో నీ పేరు ఎదురుగా 'అజాగ్రత్త' అని ఉంది. ఊఁ అని చెయ్యి తియ్యని మనిషిని తీసుకొచ్చి, కొత్తవాళ్ళకి ఊఁ అనడం నేర్పమని నేనెట్లా పెట్టను?" అన్నాడు.

పన్నెండేళ్ళలో నా బల్ల మీద ఒక్క కాలరు మాడలేదు. ఒక్క బొత్తం కరగలేదు. ఆ మాట అందామనుకున్నా. ఇంకో మాట కూడా వచ్చింది నోటిదాకా. మింగా.

మిగతాది ఈమెతో రాయించలేను. నీకు తెలుసు.

కింద బొత్తాలమ్మ రాసేది: రాయించలేనంటే ఏంటే, నా మీద నమ్మకం లేదా అని అడిగా. "నీ మీద ఉంది, నీ నోటి మీద లేదు" అంది. చెప్పమన్నట్టే ఇది కూడా రాశా.


బడి, టీచర్ల గది
మార్చి 22

అక్కకు,

నాకు తెలుసు. అదే కదా నా నోటితో అనిపించాలని చూస్తున్నావు. సరే, తెలుసు.

నేను చెప్పమన్నానా? మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చినప్పుడు నేను నోరు తెరవకముందే నువ్వే అన్నావు, "నేనే ఊఁ అన్నా, చెయ్యి తియ్యడం మర్చిపోయా" అని. నేను అడగలేదు. నీ త్యాగాలన్నీ ఇలాంటివే. ఎవరూ అడగకుండా చేసేస్తావు, తర్వాత ఏళ్ళ తరబడి చూపించుకుంటావు. వద్దనే అవకాశం ఎదుటివాళ్ళకి ఇవ్వవు.

అసలు ఆ రోజు ఆ మాట ఎందుకు ఎత్తావు? హాలు నిండా మనుషులున్నారు. నేను ఉద్యోగం కాగితం కోసం ఎదురుచూస్తూ, నీకు సాయంగా పెడలు దగ్గర నిలబడ్డాను. నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలని కాకపోతే, ఇంటికి వెళ్ళాక అడగకూడదా? నేను చేసింది తప్పే. నువ్వు చేసింది ఏమిటి?

మే నెలలో నా కాగితం రావాలి. రెండు నెలలు. ఈ రెండు నెలలూ ఇవన్నీ తవ్వకు. బల్ల పెద్ద కాకపోతే ఏమవుతుంది నీకు? ఇంకో ఏడాది ఆగితే ఇంకో బల్ల ఖాళీ అవుతుంది.

పోయిన శనివారం తరగతికి వెళ్ళలేదు. కళ్ళు మూసుకుంటే నువ్వు వస్తున్నావు. నాకు అవసరం లేదు.

ఇంతకన్నా రాయడానికేం లేదు.


మన గది, కిటికీ పక్కన
ఏప్రిల్ 11

చెల్లీ,

ఎడం చేత్తో రాస్తున్నా. మూడు ఆదివారాలు పట్టింది. నువ్వు చీటీల మీద నేర్పిన అక్షరాలే. వంకర పోతున్నాయి.

నేను ఊఁ అనలేదు.

ఈ ఒక్క మాట ఎవరితోనూ రాయించలేక ఎడం చేతికి చదువు నేర్పా.

కాలరు సర్దుతున్నా. సర్దుతూ చెప్పా. నీ స్నేహితురాలు కోటు ఇస్త్రీకి తెచ్చిందని. నన్ను చూసి, "మీరేనా వాళ్ళింట్లో పనిమనిషి, మీ గురించి చెప్పింది, చాలా నమ్మకస్తురాలట" అందని. నవ్వుతూ చెప్పా. అందరూ నవ్వారు. ఆ నవ్వు నా తప్పు. లోపల నవ్వు లేదు. ఇంటికెళ్ళి అడిగితే ఏడుస్తానని అక్కడ అడిగా.

నువ్వు నా మొహం చూశావు. తర్వాత నా చెయ్యి చూశావు. తర్వాత తొక్కావు.

మూడూ వరసగా చూశా.

అబద్ధం ఎందుకు చెప్పానంటే, అప్పటికి నీ ఉద్యోగం కాగితం రెండు వారాల్లో రావాల్సి ఉంది. మన ఇంట్లో ఒక్కళ్ళైనా కూర్చుని చేసే పని చెయ్యాలి. అది నా ఆశ. నీ కోసం కాదు. త్యాగం అనకు. నువ్వు అడగలేదు, నిజమే.

కానీ ఏడు నెలలు రాయలేదు. రాసిన మొదటి ఉత్తరంలో ప్రమాదం అన్నావు. చెయ్యి కాలినప్పుడు నాకు ఇంత కోపం రాలేదు.

నన్ను కూర్చుని ఊపిరి పీల్చమన్నావు. నీ కరుణ నాకొద్దు. నా బల్ల కావాలి.


బడి వెనక వీధి, మేడ మీద గది
ఏప్రిల్ 27

అక్కా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. మూడుసార్లు జవాబు రాశాను. మొదటిదాంట్లో నిన్ను తిట్టాను. రెండోదాంట్లో నన్ను నేను తిట్టుకున్నాను, అది చదివితే నువ్వే నన్ను ఓదార్చాల్సి వచ్చేలా ఉంది. రెండూ పడేశాను. ఇది మూడోది.

శనివారం మళ్ళీ తరగతికి వెళ్ళాను. అందరూ వెళ్ళిపోయాక భిక్షుణి దుప్పట్లు మడత పెడుతుంటే నేనూ ఒక కొస పట్టుకున్నాను. మన మడతే వేశాను, లాండ్రీ మడత. ఆమె చూసి ఆగింది.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా అక్క దగ్గర. లాండ్రీలో."

ఆ మాట ఇంత మామూలుగా నేను ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు అక్కా. నాకు ఇరవై మూడేళ్ళు.

తర్వాత అంతా చెప్పాను. ఆమె నన్ను ఓదార్చలేదు.

"మీ అక్క నిన్ను ఏం అడిగింది?" అంది.

"తన బల్ల."

"నువ్వు ఏం పంపావు?"

ఆమె మడత పూర్తి చేసి ఇంకో దుప్పటి అందుకుంది.

"ఆ కోపం ఒంట్లో ఎక్కడ మొదలైంది? ఆలోచించి చెప్పకు, గుర్తు తెచ్చుకో."

నేను అక్కడే దుప్పటి మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాను. అరికాలి మంట నెత్తికెక్కిందని నువ్వు నన్ను వెక్కిరించేదానివి కదా. నిజంగానే అరికాలిలో మొదలైంది. కానీ దానికంటే ముందు ఇంకొకటి ఉంది. మొహం వేడెక్కింది. అది కోపం కాదు, సిగ్గు. మన బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వుతున్నారు. వాళ్ళు నవ్వింది నీ మీద కాదు, నా అబద్ధం మీద. నేను నీ మొహం చూశాను. నీ చెయ్యి చూశాను. పలక కింద ఉంది. ఊఁ వినపడలేదు. ఆ చూపుకీ ఆ తొక్కుడుకీ మధ్య ఒక ఖాళీ ఉంది అక్కా. కాలు ఆగడానికి సరిపడా ఖాళీ. నేను ఆగలేదు.

ఇక్కడ మూడు నెలలుగా నేర్చుకుంటున్నది ఆ ఖాళీలో నిలబడటమే. పదకొండేళ్ళప్పుడు, మొదటిసారి పెడలు దగ్గర నిలబెట్టి నువ్వు నాకు చెప్పింది కూడా ఇదే. "నేను ఊఁ అనేదాకా నీ కాలు నీది కాదు, అర్థమైందా" అన్నావు. అన్నేళ్ళూ ప్రతి సెలవులకీ, ఎన్ని వేల చొక్కాలకో, నేను ఆగాను. ఒక్క చొక్కాకి ఆగలేదు.

నోటుబుక్కు సంగతి కూడా పూర్తిగా చెప్పలేదు నీకు. ఆ పిల్ల "మా ఇల్లు" అనే వ్యాసంలో వాళ్ళమ్మ డాక్టరని రాసింది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో వార్డులు తుడుస్తుంది. నాకు తెలుసు, సంతకాలకి వచ్చినప్పుడు చూశాను. "ఎందుకు అబద్ధం రాశావు?" అని అడిగాను. "అమ్మే అలా రాయమంది టీచర్" అంది. పుస్తకం నా చేతుల్లో రెండు ముక్కలైంది. వాళ్ళమ్మ కుట్టి ఇచ్చిన అట్ట అది.

సోమవారం ఆ పిల్లకి కొత్త పుస్తకం ఇచ్చి, తప్పు నాదని తరగతిలో అందరి ముందూ చెప్పాను. మా అక్క లాండ్రీలో పని చేస్తుందని కూడా చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. చివరి బెంచీ నుంచి ఒకడు, "మరి మీ బట్టలకి ఇస్త్రీ ఎందుకుండదు టీచర్?" అన్నాడు.

హెడ్మిస్ట్రెస్‌గారికి నీ చెయ్యి సంగతి చెప్పాను. "ఖాయం చేసే కాగితం ఆగుతుంది. కమిటీకి పెడతాను. ఏమవుతుందో నా చేతుల్లో లేదు" అన్నారు. సరేనన్నాను. భయంగా ఉంది. దాన్ని కూడా గమనిస్తున్నాను, తగ్గడం లేదు.

ఇది మేనేజరుకి రాసిన ఉత్తరం. ఒక ప్రతి నీకు పంపుతున్నాను.

"మేనేజరు గారికి నమస్కారం. పోయిన జూలైలో మూడో బల్ల దగ్గర మా అక్క కుడి చెయ్యి కాలింది. ఆ రోజు పెడలు మీద ఉన్నది నేను. ఆమె ఊఁ అనలేదు. ఆమె చెయ్యి పలక కింద ఉండటం చూసి, తెలిసి తొక్కాను. ఊఁ అన్నానని ఆమె మీతో చెప్పింది నన్ను కాపాడటానికి. రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా ఉన్న మాట ఆమెది కాదు, నాది. దాన్ని కొట్టేయండి. గోడ మీది నిబంధన రాసింది నేనే. అది ఆమెకి వర్తించదు."

ఇంకా పంపలేదు. ఇది పంపితే నువ్వు ఆయనకి అబద్ధం చెప్పావని కూడా బయటపడుతుంది. నిన్ను అడగకుండా పంపితే, ఆ రోజు చేసిందే మళ్ళీ చేసినట్టు. కవరు మీద చిరునామా రాసి, అంటించి, బల్ల మీద పెట్టుకున్నాను. నువ్వు చెప్పేదాకా కదపను.

చెల్లెలు


మన గది, కిటికీ పక్కన
మే 8

చెల్లికి,

ఒక్క ఆదివారంలో ఇంత రాయగలుగుతున్నా. ఎడం చెయ్యి దారిలో పడింది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివా. మొదటిసారి చించబోయా. నోటుబుక్కులు చించేదాని అక్కని కదా. తర్వాత కిటికీ దగ్గర కూర్చున్నా. ఊపిరి గమనించా అనుకోకు. వీధి చూశా. అంతే.

క్షమించానని అనుకోకు. ఇప్పుడే ఇంటికి రాకు. వస్తే నేనేం అంటానో నాకే తెలీదు. మీ భిక్షుణి వరసలో నన్ను నాలుగో చోటే ఉంచు. నువ్వు కూడా నాకు అక్కడే ఉన్నావు. ఇంకా జరపలేదు.

మేనేజరు ఉత్తరంలో ఒక మాట బాగాలేదు. "తెలిసి తొక్కాను" అని రాశావు. అది కొట్టెయ్యి. తెలిసి తొక్కినదానివైతే నేల మీద కూలబడి, నా చేతి మీద నీళ్ళు పోస్తూ, అక్కా అక్కా అని హాలు అదిరేలా అరిచేదానివి కాదు. నా చెయ్యి మండుతుంటే నీ అరుపు ఆపడానికి నేను నీ నోరు మూశా, గుర్తుందా? కోపంతో తొక్కావు. కోపంతో అని రాయి. ఉన్నంతే రాయి. ఎక్కువ రాస్తే అది కూడా గొప్ప కోసమే అవుతుంది.

బొత్తాలమ్మకి నేనే చెప్పేశా. సూది ఆపలేదు. "నాకు మొదటిరోజే తెలుసే. పన్నెండేళ్ళలో నువ్వు చెయ్యి తియ్యకముందు ఊఁ అన్నదెప్పుడు?" అంది. పది నెలలు ఆ నోరు మూసుకుని కూర్చుంది, ఎవరి నోటి మీద నమ్మకం లేదన్నానో ఆ మనిషి. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మేనేజరు నన్ను అబద్ధాలకోరు అంటాడు. అననీ. ఆ మాట నాదే, నేను చేసిందే. అజాగ్రత్త అన్నది నాది కాదు. బల్ల ఇస్తాడో ఇవ్వడో. ఇవ్వకపోయినా నాది కాని మాట నా పేరు ఎదురుగా ఉండకూడదు.

నీ ఉద్యోగం పోతే నాకు ఏడుపొస్తుంది. ఆ సంగతి కూడా తెలుసుకో. పోకూడదని కోరుకుంటున్నా. ఇది కరుణో ఏంటో నాకు తెలీదు, కోపం మాత్రం అలాగే ఉంది.

ఆ పిల్లాడు అడిగిందానికి జవాబు చెప్పు. మా అక్క నా మీద కోపంగా ఉంది, అందుకే ఇస్త్రీ లేదు అని చెప్పు.

ఆ మాట దిద్దాక కవరు మళ్ళీ అంటించు. తీసుకెళ్ళి డబ్బా దగ్గర నిలబడు. నేను చెయ్యి తీశా.

ఊఁ.